కుట్టుకోసం వదిలిన అరంగుళం

దర్జీకి పౌరసత్వ పరీక్ష ఇది మూడోసారి. ఈసారీ తప్పితే రెండేళ్ళదాకా ఆ గడప తొక్కనివ్వరు. వాళ్ళావిడ మొదటిసారికే గట్టెక్కింది. అప్పటినుంచి ఒకే ఇంట్లో ఆవిడ ఈ దేశస్థురాలు, తను చుట్టం. అది అతని మనసుకు బాగా కష్టంగా ఉండేది. ఆవిడేమో భోజనాల దగ్గర నదుల పేర్లు అప్పజెప్పించేది. పద్దెనిమిదేళ్ళుగా ఇంటికీ దుకాణానికీ మధ్య వీధి తప్ప మరోటి చూడని మనిషికి నదులు నోట్లో నిలుస్తాయా?

అందుకని తనకు తెలిసిన దారి పట్టాడు. కాగితంమీద సుద్దతో దేశాన్ని చొక్కాలా గీసుకున్నాడు. ఉత్తరాన కొండలు కాలరు, తూర్పు తీరం ఒక చెయ్యి, నడుమ పెద్దనది గుండీపట్టీ.

పరీక్ష గదిలో అధికారిణి ఒక కాగితం ఇచ్చింది. అందులో పొరుగుదేశాల ఊళ్ళు మాత్రమే ఉన్నాయి. మధ్యలో ఈ దేశం గీయాలి. చెయ్యి తిరిగిన పనివాడు కదా, చిటికెలో గీసేశాడు.

"కొండలూ నదీ బాగానే ఉన్నాయి. పొరుగువాళ్ళ ఊళ్ళు రెండు మనవైపు వచ్చేశాయేంటండీ?"

దర్జీ తన గీతకేసి చూసుకున్నాడు. "కుట్టుకోసం చుట్టూ అరంగుళం వదిలానమ్మా. చేతి అలవాటు."

ఆవిడ నవ్వాపుకుని ఆఖరి ప్రశ్న వేసింది. ఈ దేశపు మనుషులు ఎలాంటివాళ్ళు? పుస్తకంలో దానికి పదకొండు వరుసల జవాబుంది. ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"కొండలవాళ్ళు కోటుకి లైనింగు రెండు పొరలు వెయ్యమంటారమ్మా. తీరంవాళ్ళ జేబుల నిండా ఇసకే. ఏ మూలవాళ్ళైనా కొలతలప్పుడు పొట్ట లోపలికి పీలుస్తారు, నేను చూడనట్టే ఉంటాను. నాన్న పోతే ఆయన కోటు పారెయ్యరు. తమకు సరిపోయేలా కుట్టమని తెస్తారు. అలా నిలబడి కొలతలిస్తూనే ఏడుస్తారు. వాళ్ళతో నేనూ ఏడ్చాను, చాలాసార్లు."

ఆవిడ కలం మూసి పక్కన పెట్టింది. కాగితంమీద నెగ్గినట్టు ముద్ర కొట్టింది. "ఆ కొండలూ తీరమూ చూశారా ఎప్పుడైనా?"

"లేదమ్మా. బట్టలే చూశాను."

ఇంటికొచ్చి చెబితే వాళ్ళావిడ పడీపడీ నవ్వింది. "దేశాన్ని కూడా వదులుగానే కుట్టారన్నమాట. పెట్టె సర్దనా మరి?"

మర్నాడు దుకాణానికి నాలుగు రోజులపాటు తాళం పడింది. తలుపుకి అట్టముక్క కట్టి, ఈ దేశపు భాషలో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ దర్జీ రాశాడు: "మా దేశం చూడ్డానికి వెళ్ళాం."