దర్జీ బుగ్గన సీసపు గుళ్ళు

బిగుసుకుపోయిన ఇత్తడి రీలును మళ్ళీ గిర్రున తిప్పడం ఊరంతా గిలకల దర్జీ అని పిలిచే మనిషి సాధించిన మొదటి విజయం. పాత ఇనుప సామాన్ల కొట్లో తలుపుకు అడ్డంగా పడివున్న ఆ చేపల గాలపు రీలును తెచ్చి, కిరోసిన్‌లో నానబెట్టి, కుట్టుమిషను నూనె పోసి, ఒక వానాకాలమంతా దానితో కుస్తీ పట్టాడు. అది టిక్కుటిక్కుమన్న రోజు వీధంతా వినేలా కేక పెట్టాడు. ఆ తరువాత అద్దాల బీరువా చెక్క రీళ్ళతో, ఈకలు కట్టిన పాత గాలాలతో నిండింది. చెరువు పోటీలో కొత్త రీళ్ళవాళ్ళు ముక్కున వేలేసుకునేలా, ఆ ఇత్తడి రీలుతోనే అన్నిటికన్నా పెద్ద చేపను లాగాడు. అయిదో తరగతితో బడి మానిన మనిషిని అదే బడివాళ్ళు పిలిచి, పిల్లలకు గాలాల సంగతి చెప్పమన్నారు.

అలాంటి చెయ్యి ఒక పొద్దున సూదిలో దారం ఎక్కించబోతే మణికట్టు దగ్గర వాలిపోయింది. కడుపునొప్పి అంతకుముందు నుంచే ఉంది.

"చెయ్యెత్తవయ్యా!" అంది ఇల్లాలు.

"ఎత్తుతున్నానే. అదే నా మాట వినట్లేదు."



ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన పెదవి లాగి, చిగుళ్ళ అంచున నల్లటి గీత చూపింది. "సీసంతో పనిచేస్తాడా?"

"లేదమ్మా, బట్టలు కుడతాడు," అంటూనే ఆమె ఆయన బుగ్గ వైపు చూసింది. కుట్టేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకోవడం, దారం పంటితో తెంపడం ఆయన అలవాటు. గాలపు దారానికి బరువు కట్టే సీసపు గుళ్ళనూ అలాగే బుగ్గన దాచి, పళ్ళతో నొక్కేవాడు. ఏళ్ళ తరబడి, రోజూ.

"పటకారు ఉందిగా" అని ఆమె అంటే, "నోట్లో ముప్పై రెండు ఉండగా అదెందుకే?" అనేవాడు. ఆమే పకపకా నవ్వేది.

"ఒంట్లో చేరిన సీసం దిగితే చెయ్యి లేవచ్చు, లేవకపోవచ్చు," అంది డాక్టరమ్మ.

గుళ్ళ డబ్బా ఆసుపత్రివాళ్ళకే అప్పగించి, ఆమె ఆ ఇత్తడి రీలును కడిగి తెచ్చి ఆయన వేళ్ళ కింద పెట్టింది. రోజూ పక్కనే కూర్చునేది. నిన్న చూపుడువేలు లేచింది. రీలు టిక్కుమంది, ఒక్కసారే. రెండోది వినబడుతుందేమోనని ఆమె చెవులు రిక్కించింది. రాలేదు.

"ఏడవకే. చేప ముందు ఒక్కసారే కొరుకుతుంది," అన్నాడు ఆయన.

వచ్చే నెల పద్దెనిమిదిన ఇంటికి పంపుతామన్నారు.