నమస్కారానికి ముందు టేపు

మనిషి ఎదురైతే లోకమంతా ముందు నమస్కారం పెడుతుంది, టేపు సారు మాత్రం టేపు పెడతారు. జేబులోంచి వెడల్పాటి టేపు తీసి, ఎదుటివాళ్ల భుజం మీదా మోచేతి మీదా అద్ది, ఆ ముక్కను పల్చటి ప్లాస్టిక్ కాగితానికి అంటించి, పేరూ తేదీ వేసి, అప్పుడు తీరిగ్గా "బాగున్నారా?" అంటారు. హత్య కేసుల్లో బట్టల పోగులు పరీక్షించే ప్రభుత్వ ల్యాబులో ఆయన పెద్ద నిపుణుడు. టీ ఇచ్చే మనిషి నుంచి డైరెక్టరు దాకా అక్కడ ఆ టేపు తగలని ఒళ్లు లేదు.

అద్ది ఊరుకుంటే గొడవే లేదు. భూతద్దం పెట్టి చూసి, చూసింది చెప్పేస్తారు కూడా.

"నిన్న జ్వరమని సెలవు పెట్టారు," అన్నారు ఒకసారి డైరెక్టరుతో. "ఈ ఎర్ర వెల్వెట్టు సినిమాహాలు సీటుదండీ."

డైరెక్టరు చొక్కా దులుపుకున్నాడు.

"పక్కన బూడిదరంగు ఉన్ని శాలువా కప్పుకున్నవాళ్లెవరో కూర్చున్నారు."

"మా అత్తగారండీ."

"అయితే మీ సెలవు న్యాయమైందే," అని టేపు జేబులో పెట్టుకున్నారు.

ఆయన మేనకోడలికి కూడా ఆ ల్యాబులోనే ఉద్యోగం. ఆమెకు పెళ్లిచూపులప్పుడు వచ్చిన కుర్రాణ్ణి గుమ్మంలోనే ఆపి టేపు అద్దారాయన. "ఇంట్లో పిల్లి ఉందా?" అన్నారు. "లేదండీ," అన్నాడు కుర్రాడు. "ఉంది," అన్నారు. ఉంది. ఆ పెళ్లి జరిగింది, పిల్లి కూడా వాళ్లతోనే కాపురం ఉంటోంది.

కానీ రోజూ పొద్దున్నే తనను కూడా గుమ్మంలో నిలబెట్టడం మాత్రం ఆమెకు ఒళ్లు మండేలా ఉండేది.

"నన్ను కూడా అనుమానిస్తావా మావయ్యా?"

"ఇక్కడ సారు అను. చెయ్యెత్తు."

ఆ చలికాలం ఒక నర్సును, ఆ నర్సు అద్దెకుంటున్న భవనం మెట్ల మీదే ఎవరో గొంతు నులిమి చంపేశారు. హతురాలి కోటు సీలు వేసిన సంచిలో ల్యాబుకి వచ్చింది. దాని జేబులో ఒక బస్సు టికెట్టు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు ఉన్నాయి. మిగతా సగం ఇంటికెళ్లి తిందామనుకుని ఉంటుంది. మేనకోడలు ఆ ప్యాకెట్టులో మిగిలిన బిస్కెట్లు రెండుసార్లు లెక్కపెట్టింది.

కోటు కాలరు మీద మూడు ఊదారంగు ఉన్ని పోగులు దొరికాయి. ఆ భవనం వాచ్‌మన్ గదిలో పోలీసులకు దొరికిన ఊదారంగు దుప్పటి కూడా ఇంకో సంచిలో వచ్చింది. వాచ్‌మన్ అప్పటికే జైల్లో ఉన్నాడు. రెండు సంచులనీ ఒకే కానిస్టేబులు తెచ్చాడు. వాటిని లోపలికి ఇవ్వకముందే గుమ్మంలో అతనికీ టేపు పడింది. "చక్కిలిగింతలండీ," అని మెలికలు తిరిగాడు.

దుప్పటిని ఒక గదిలో, కోటును ఇంకో గదిలో, వేరే రోజున మేనకోడలే విప్పింది. రెండింటి పోగుల్నీ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూసింది. రంగును విడదీసి చూసింది. అదే ఎరుపు, అదే నీలం, అదే పాళ్లు. పైగా ఆ దుప్పటికి రంగు వేసింది వాచ్‌మన్ భార్య, మిగిలిపోయిన రెండు రంగు పొట్లాలు కలిపి ఇంట్లోనే వేసింది. అలాంటి రంగు ఏ దుకాణంలోనూ దొరకదు.

"దొరికాడు మావయ్యా," అంది, సారు అనడం కూడా మరిచిపోయి. ఆ బిస్కెట్ ప్యాకెట్టు ఇంకా ఆమె కళ్ల ముందే ఉంది.

"పోగు దొరికింది," అన్నారాయన. రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. ఆ సంతకం పడితే వాచ్‌మన్‌కి ఉరి ఖాయమని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. టేపు అద్దించుకుని, విసుగ్గా కూర్చున్నాడు. "రంగు కలిసింది కదా, ఇంకేమిటండీ ఆలస్యం?"

టేపు సారు సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ కాగితం తీసి బల్ల మీద పెట్టారు. సంచులు తెచ్చిన రోజు కానిస్టేబులు మోచేతి నుంచి తీసిన టేపు అది. దాని మీద ఊదారంగు పోగులు గుత్తులుగా ఉన్నాయి.

"దుప్పటి ఎలా మోశావు బాబూ?"

"చంకలో పెట్టుకునండీ. సంచి జీపులో ఉండిపోయింది."

"తర్వాత?"

"మెట్ల మీదికెళ్లి అదే చేత్తో ఆవిడ కోటు..." అని కానిస్టేబులు ఆగిపోయాడు.

ఇన్‌స్పెక్టరు ఒంటికాలి మీద లేచాడు. "అవి మీ ల్యాబులో అంటినవే. రెండు సంచులూ విప్పింది మీ మేనకోడలేగా. ఆవిడ బట్టల మీద నుంచి రాలి ఉంటాయి. ముందు ఆవిణ్ణి సస్పెండ్ చేయించండి."

టేపు సారు సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. కోటు విప్పిన రోజు పొద్దున మేనకోడలి భుజం మీదా చేతుల మీదా అద్దిన టేపు. అందులో తెల్ల నూలు పోగులున్నాయి, పిల్లి వెంట్రుకలున్నాయి. ఊదా పోగు ఒక్కటీ లేదు.

"ఈ అబ్బాయి సంచులు తెచ్చేటప్పటికే వాటికి సీళ్లున్నాయి. పోగులు సీలు దాటి బయటికి రావు, అంతకుముందే అంటాయి," అన్నారు. "ఇతన్ని ఏమీ అనకండి. దుప్పటికీ కోటుకీ ఒకే మనిషిని పంపిందెవరో ఒకసారి ఆలోచించండి."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసుకుని బయటికి నడిచాడు.

వేలెత్తి చూపడం మొదలైతే ఆ వేలు అందరికన్నా కిందివాళ్ల వైపే తిరుగుతుంది. టీ మనిషి వైపు, ఊడ్చే ఆవిడ వైపు, కానిస్టేబులు వైపు, తన వైపు. ఆ రోజున తమ తరఫున మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలనే ఈ మనిషి ఇన్నాళ్లూ అందరి తిట్లూ తిన్నాడని మేనకోడలికి అప్పుడు అర్థమైంది. ఆమెకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. ఇన్నాళ్లూ చెప్పనందుకు కోపమూ వచ్చింది.

పోలీసులు మళ్లీ మొదటి నుంచి వెతికారు. హంతకుడు దొరికాడు, నర్సు బస్సు దిగిన దగ్గర నుంచీ వెంటపడినవాడు. ఆమె మాత్రం తిరిగి రాలేదు. వాచ్‌మన్ ఇంటికి వెళ్లాడు. దుప్పటి అతనికి తిరిగి ఇచ్చేయమని కోర్టు చెప్పింది.

తర్వాత ఒక సోమవారం టేపు సారు ఎన్నడూ లేనిది ఆలస్యంగా వచ్చారు. వేళ్లన్నీ ఊదారంగు. మేనకోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో టేపు ఉంది.

"చెయ్యెత్తండి సారూ."

ఆయన రెండు చేతులూ ఎత్తారు. ఆమె అద్దిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఊదా ఉన్ని. కానీ ఇది ఆ దుప్పటిది కాదు. ఎరుపు ఎక్కువైంది."

టేపు సారు గొంతు సవరించుకున్నారు. "పరీక్షకని మనం కోసిన చోట దుప్పటికి ఇంత కన్నం పడిందమ్మాయ్. చూస్తే చలి ముదురుతోంది. అందుకని ఇంట్లో ఉన్ని ముంచి రంగు వేశాను. మీ అత్తయ్య పెద్ద గిన్నె ఇంక వంటకి పనికిరాదు. అతికించి తీసుకెళ్లి ఇచ్చొచ్చాను."

"రంగు కుదిరిందా?"

"జీవితమంతా రంగులు పోల్చాను గానీ, ఒక్కటీ కలపలేకపోయాను. వాచ్‌మన్ భార్య ఆ అతుకు చూసి కడుపు పట్టుకుని నవ్వింది. వాణ్ణి జైల్లో వేసినప్పటి నుంచీ ఆవిడ నవ్వడం అదే మొదలట. పాళ్లు చెప్పమ్మా, మళ్లీ వేసి తెస్తానన్నాను. వద్దు, ఇదే ఉండనివ్వండి అంది."

మేనకోడలు ఆ టేపును ప్లాస్టిక్ కాగితానికి అంటించి, ఆయన పేరూ తేదీ వేసింది.

"బాగున్నారా సారూ?" అంది అప్పుడు.