నా తర్వాత ఈ ఫైళ్ళు ఎవరు చూస్తారు?

కర్నూలులో వకీళ్ళకు రెండు రోజుల శిక్షణ తరగతులు పెడుతున్నారని మా బార్ రూములో నోటీసు అంటించారు. దాన్ని చివరిదాకా చదివింది బహుశా నేనొక్కదాన్నే. మొదటి రోజు స్థిరాస్తి చట్టాలు, రెండో రోజు ఆఫీసు నిర్వహణ.

కడప కోర్టులో ఇరవై రెండేళ్ళుగా నేను చేసిందంతా భూమి పనే. పొలమో స్థలమో కొనేవాళ్ళు దస్తావేజులు తెచ్చి ముందు పెడతారు. అది ముప్పై ఏళ్ళుగా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూసి, కొనవచ్చో లేదో చెప్పడం నా పని. నేర్చుకోవాల్సింది లేదని కాదు. రీసర్వే అయ్యాక పాత సర్వే నంబర్లకూ కొత్త నంబర్లకూ పొంతన కుదరక నాకే తికమకగా ఉండేది. కానీ నేను పేరు ఇచ్చింది అందుకు కాదు. నాకు పని నేర్పిన మా సీనియర్ వకీలు పోయి ఏడాది దాటింది. ఇద్దరం ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర ఇరవయ్యొక్కేళ్ళు కూర్చున్నాం. ఆయన పోయాక వాళ్ళింటివాళ్ళు గది నాకే వదిలేశారు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇంట్లోనూ ఒక్కదాన్నే, ఆఫీసులోనూ ఒక్కదాన్నే. రెండు రోజులు నలుగురి మధ్య కూర్చోవచ్చు కదా అనిపించింది.

పొద్దున్నే బస్సెక్కాను. మైదుకూరు దాటాక పక్క సీటు ఖాళీ అయింది. కర్నూలు దాకా అందులో నా సంచే కూర్చుంది.

మొదటి రోజు బాగానే గడిచింది. రిజిస్ట్రేషన్ కాకుండా నిషేధిత జాబితాలో పడిన భూముల గురించి, వారసులు సంతకం పెట్టని అమ్మకాల గురించి చెప్పారు. నాకు తెలిసినవే ఎక్కువ. తెలిసినవి కూడా ఇంకొకరి నోట వింటే బాగుంటుందని ఆ రోజే తెలిసింది.

రెండో రోజు పాఠం చెప్పడానికి విజయవాడ నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె తలా ఒక అచ్చు కాగితం పంచింది.

"రేపటి నుంచి మీరు కోర్టుకు రాలేని పరిస్థితి వస్తే మీ ఫైళ్ళు ఎవరు చూస్తారు? ఒక్క పేరు రాయండి. ఆ మనిషికి ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి" అంది.

హాలంతా పెన్నుల చప్పుడు. కొందరు నవ్వుకుంటూ తమ్ముడి పేరో భార్య పేరో రాశారు. నేను పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన ముఖాలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. నమస్కారం పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఫలానా ఆమె పని నేను చూస్తాను అనే మనిషి ఒక్కరూ తట్టలేదు. ఆవిడ కాగితాలు తీసుకోలేదు. ఇంటికి వెళ్ళి ఆ మనిషితో మాట్లాడి, నెలలోగా పంపమంది. అది విని నాకు కాస్త ఊపిరి వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, హాల్లో నా పక్కనే కూర్చున్న ఆదోని వకీలు పలకరించాడు. డెబ్బై దాటిన మనిషి.

"నువ్వేం రాయల్యా గదమ్మా?" అన్నాడు.

"లేదు సార్. మీరు రాశారుగా?"

"రాసినాను. కానీ ఆ మనిషి లేడు. మా ఫ్రెండు. రెండేండ్లాయ పోయి." పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు. "తప్పని నాకూ తెలుసు. ఇంకొకరి పేరు రాద్దామంటే చెయ్యి రాల్యా."

నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపాను. సాయంత్రం బస్టాండులో ఆయన బస్సు ముందు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

మీ దగ్గరున్న ఒరిజినల్ పత్రాలు ఎవరివో జాబితా రాసుకున్నారా అని కూడా పాఠం చెప్పినావిడ అడిగింది. నేను రాసుకోలేదు. కడపకు వచ్చిన మర్నాడే మా సీనియర్ బీరువా తెరిచాను. ఏడాదిగా దాని జోలికి పోలేదు. అడుగు అరలో పదకొండు కవర్లు ఉన్నాయి. కేసులు ముగిశాక కోర్టు నుంచి వెనక్కి తీసుకున్న దస్తావేజులు. ఒక్కో కవరు మీద ఆయన గుండ్రటి చేతిరాతలో ఊరి పేరు, మనిషి పేరు. కొన్నింటి మీద 'వస్తామన్నారు' అని కూడా రాసి ఉంది. దూరపు ఊళ్ళకు ఉత్తరాలు రాశాను. దగ్గరవాటికి నేనే పోదామనుకున్నాను.

ఆదివారం కమలాపురం పోయాను. వెతికిన ఇల్లు దొరికేసరికి ఇంటామె అప్పుడే చర్చి నుంచి వచ్చి, చేతిలో బైబిలుతో వాకిట్లో నిలబడి ఉంది. మూడెకరాల పొలం కోసం ఆమె మొగుడు పన్నెండేళ్ళు కోర్టుకు తిరిగాడు. గెలిచిన మరుసటి ఏడే పోయాడు. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"సారు దగ్గర కూచునే ఆయమ్మవి గదా? రా తల్లీ, కూచో. సారు బాగుండాడా?"

నేను చెప్పాల్సి వచ్చింది.

"పోయినాడా! ఎప్పుడు?"

"పోయిన ఏడాది, పెద్దమ్మా."

"మాకు ఒక్క మాట చెప్పకపోతిరే! కాగితాల కోసం రెండు మాట్లు వచ్చినా. తలుపుకు బీగం ఏసిండె. నువ్వు యాడికి పోయింటివి?"

"కోర్టులో ఉన్నానేమో."

ఆమె దస్తావేజు విప్పి చూడలేదు. ఒళ్ళో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"నీకు శానా కష్టమై ఉంటాది తల్లీ. అన్నేండ్లు ఒకే గదిలో కూచున్న మనిషి."

ఆ మాట నాతో అంతవరకూ ఎవరూ అనలేదు. ఆయన పోయిన రోజు అందరూ వాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చారు. అది న్యాయమే. నేను పక్కన నిలబడి కుర్చీలు వేయించాను, వచ్చినవాళ్ళకు దారి చూపించాను. ఏడవడానికి నేనేమవుతానని? ఇప్పుడు, పేరైనా సరిగా తెలియని మనిషి ముందు, ఆమె కొంగు నా చేతికి ఇచ్చేదాకా ఏడ్చాను.

ఆమె కళ్ళు మూసుకుని సారు కోసం, నా కోసం ప్రార్థన చేసింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"నీ పేరేంది తల్లీ? ఇన్నేండ్లయినా అడగనే ల్యా."

చెప్పాను. ఆ పేరుతోనే ప్రార్థన ముగించింది.

సోమవారం కోర్టు అయ్యాక ఒక వకీలు గదికి వెళ్ళాను. మొదట మా సీనియర్ మీద, తర్వాత నా మీద, పదిహేనేళ్ళుగా ఎదురుపక్షాన నిలబడినాయన. కోర్టు బయట మేం మాట్లాడుకున్నది తక్కువ. కానీ ఆయన ఏనాడూ అబద్ధపు వాయిదా అడగలేదు, నాకు చూపాల్సిన కాగితం ఒక్కటీ దాచలేదు. ఆ సంగతి నాకు గుర్తు రావడానికి ఇన్ని రోజులు పట్టింది.

"ఏ కేసమ్మా?" అన్నాడు కళ్ళజోడు తీస్తూ.

"కేసు కాదు సార్" అని, కర్నూలులో ఇచ్చిన ఆ కాగితం ముందు పెట్టాను.

నిదానంగా చదివాడు. "మనిద్దరికీ ఎదురుపడే కేసులు ఉండాయి గదా?"

"అవి కాకుండా మిగతావి సార్. వాటికి వేరే వాళ్ళను చూసుకుంటాను."

"సరే, రాస్కో" అన్నాడు. కాగితం నా చేతికిస్తూ, "నావి కూడా నువ్వే చూడల్ల మల్ల. నేనూ ఎవుర్నీ అడగల్యా ఇంతవరకు" అన్నాడు.

అంతే జరిగింది. మేము స్నేహితులమేమీ కాలేదు. మొన్న కూడా ఒక గట్టు తగాదాలో గట్టిగా వాదించుకున్నాం. మధ్యాహ్నం అన్నం డబ్బా ఇప్పటికీ ఒక్కదాన్నే విప్పుకుంటాను.

కవర్లలో నాలుగు మిగిలాయి. ఒక ఉత్తరం, ఆ పేరుగలవారు ఈ ఊళ్ళో లేరని రాసి వెనక్కి వచ్చింది. ఊళ్ళో అడిగితే ఎవరో ఒకరికి తెలియకపోదు. ఈ ఆదివారం అక్కడికి పోయి వస్తాను.