మామయ్య లామినేషన్ చేయించిన దేవుళ్ళు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర కొత్తగా తెరిచిన కాఫీ షాపులో గోడనిండా ఈజిప్టు దేవుళ్ళ బొమ్మలు. పాతవాటిలా కనిపించాలని టీ డికాక్షన్ పట్టించినట్టు రంగొకటి. నక్క తల దేవుడు నావైపే చూస్తుంటే చల్లపల్లిలో మా మామయ్య ఇంటి హాలు గుర్తొచ్చి, కాఫీ సగంలో వదిలేశాను.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. తనంత రసికుడు కృష్ణా జిల్లాలోనే లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనకి తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. ఎవరిదో పాత బంగళాలో సామాన్లు అమ్మేస్తుంటే, రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చొత్తిన ఈజిప్టు బొమ్మలు ఓ కట్ట పట్టుకొచ్చాడు. గద్ద ముఖం దేవుడు, పిల్లి విగ్రహం, పేడపురుగు తాయెత్తు, శవపేటికలు. నిజం చెప్పాలంటే అద్భుతమైన బొమ్మలు. వెంట్రుకంత సన్నటి గీతలతో రాతి గరుకు కూడా తెలిసేలా చెక్కాడు ఎవరో మహానుభావుడు. వాటి ఖర్మ కొద్దీ మా మామయ్య చేతిలో పడ్డాయి. డెల్టా చెమ్మకి బూజు పడుతుందని భయపడి, అన్నిటినీ బెజవాడ తీసుకెళ్ళి, పిల్లల మార్కుల లిస్టులతో పాటు లామినేషన్ చేయించాడు! వేడి ప్లాస్టిక్ అంటుకున్న ఆ కాగితాన్ని ఇక బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు. పైగా "చూశావా, ఇప్పుడు తడిగుడ్డ పెట్టి తుడుచుకోవచ్చు" అని మురిసిపోయాడు.

వాటికి చోటు కోసం హాల్లో ఉన్న అత్తయ్య వాళ్ళమ్మ ఫోటో దించి, వంటింటి నడవలో గ్యాస్ బండ పైన తగిలించాడు. ఆ ఒక్క ఫోటో తప్ప అత్తయ్యకి తల్లి రూపం ఇంకెక్కడా లేదు. దాన్ని మళ్ళీ హాల్లో పెట్టమని ఆవిడ ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. ఓసారి నా ముందే, వచ్చినవాళ్ళకి ఆయన "ఈ నక్క తలాయన పోయినవాళ్ళని కనిపెట్టుకుని ఉంటాడండీ" అని వివరిస్తుంటే, కాఫీలు తెచ్చిన అత్తయ్య "మరి మా అమ్మా పోయిన మనిషే గదండీ, ఆయన పక్కనుంటే తప్పేంటి?" అంది. "ఈ గోడకో స్థాయుంది, నీకు తెలీదులే" అన్నాడు. ఆ మాటకి ఆయన్ని ఈ రోజుకీ క్షమించలేదు నేను.

పాత బొమ్మలు సేకరించే పెద్దమనిషి ఒకాయన హైదరాబాదు నుంచి వస్తున్నాడని గోడకి కొత్తగా రంగు కూడా వేయించాడు. ఆ వచ్చినాయన ప్లాస్టిక్ మీద వేలితో ఒకసారి రాసి చూసి, "కాఫీ చాలా బాగుందమ్మా" అని అత్తయ్యతో చెప్పి వెళ్ళిపోయాడు. మామయ్య దాన్ని కూడా బొమ్మలకి పొగడ్త కిందే జమకట్టుకున్నాడు.

మామయ్య పెద్దకర్మ నాడు వాళ్ళబ్బాయి దండ వేసిన ఫోటో పట్టుకొచ్చి, హాల్లో నక్క తల దేవుణ్ణి దించబోయాడు. "ఉండనీ నాయనా, అది ఆయన ముచ్చటపడి పెట్టుకున్న గోడ" అంది అత్తయ్య, గొంతులో ఏ వెటకారమూ లేకుండా. "మీ నాన్నని తీసుకొచ్చి మా అమ్మ పక్కన పెట్టు." వేల ఏళ్ళ నాటి దేవుళ్ళు హాల్లో మెరుస్తూ ఉండిపోయారు, మామయ్య గ్యాస్ బండ పైకి చేరాడు. కాలం ఎంతటివాణ్ణయినా తుడిచేస్తుందంటారు. మా మామయ్య విషయంలో అది అంత శ్రమ కూడా పడలేదు, కాస్త పక్కకి జరిపి ఊరుకుంది.