బుధవారం ధూళి

ఆ రోజుల్లో మా అమ్మకు పంచాంగం మీద ఎంత నమ్మకమో నాకు కంప్యూటర్ మీద అంత నమ్మకం. బెజవాడలో పర్యావరణ నివేదికలు రాసే ఆఫీసులో కొత్తగా చేరాను. క్వారీలో రాయి పేలిస్తే లేచే ధూళి ఏ గాలికి ఎంత దూరం పోతుందో కంప్యూటర్లో లెక్కకట్టడం నా పని. నాకిచ్చిన మొదటి క్వారీయే మా నూజివీడు అవతల, చాట్రాయి దారిలో, మా నాన్న మామిడితోట పక్కది. దాన్ని ఇంకా పెద్దది చేస్తారట. మధ్యాహ్నం ఒంటిగంటకు పేలుస్తామని రాసిచ్చారు. ఆ ఎండకు ధూళి పైకి లేచి చెదిరిపోతుంది, తోటల దాకా రాదని లెక్క తేలింది. మా మేనేజరుగారు (అన్నిటికీ "సర్దుకుపోదామమ్మా" అంటారు కాబట్టి మాకు సర్దుబాటుగారు) మురిసిపోయారు.

తీరా సెలవుకి ఇంటికి వెళ్తే, తోటలో పూతంతా పిండి చల్లినట్టుంది.  నాన్న ఒక పూతరెమ్మ తెచ్చి నా కంచం పక్కన పెట్టారు.  మర్నాడు క్వారీకి వెళ్లి, ఎన్నింటికి పేలుస్తున్నారని దాని యజమాని షావుకారుగారినే అడిగాను.

"ఒంటిగంటకేనమ్మా. బుధవారం మాత్రం సాయంత్రం. ఆ రోజు ఒంటిగంటప్పుడు రాహుకాలం కదా, మందు అంటిస్తామా ఏంటి?" అన్నారాయన, నాకు ఆపాటి తెలియనందుకు జాలిపడుతూ.

చలికాలం సాయంత్రాలు గాలి కదలదు. లేచిన ధూళి నేలబారుగా తోటల్లోకి జారుతుంది. బుధవారం సాయంత్రాన్ని లెక్కలోకి ఎక్కించేసరికి తెర మీద మా తోటా, చుట్టుపక్కల తోటలూ ఎర్రబడ్డాయి.

"నివేదికలో రాహుకాలం ఏంటమ్మా, నవ్వుతారు! తీసెయ్, సర్దుకుపోదాం" అన్నారు సర్దుబాటుగారు.

"పూత సర్దుకోదండీ. తియ్యను."

"మీ తోట ఉందని చేస్తున్నావంటారు."

"అననివ్వండి. షావుకారుగారిని బుధవారం సాయంత్రం పేల్చడం మానమనండి, నేనూ తీసేస్తాను."

"అయితే ఉద్యోగం మానెయ్!"

మానేశాను. రాజీనామా ఆయన బల్ల మీద పడేసి, ఆ ఎర్రబొమ్మ పట్టుకుని షావుకారుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, "అయ్యో, పూత పోతుందే! బుధవారాలు పదకొండింటికే కానిచ్చేద్దాం, రాహుకాలం రాకముందే" అన్నారు. అంతే! (ఈ ముక్క కోసమా నేను ఉద్యోగం పోగొట్టుకున్నది?)

ఇంటికి వెళ్లి సంగతి చెప్తే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ వేళప్పుడిచ్చావే?"

"బుధవారం, ఒంటిగంటకి."

"రాహుకాలంలోనా! రాజీనామా అయినా మంచి వేళ చూసుకోవద్దటే?"

చూసుకునే ఇచ్చాను. కావాలని.

ఇప్పుడు మరో ఆఫీసులో నేనే మేనేజర్ని. అంకె మార్చమంటే ఇప్పటికీ మార్చను. రాజీనామా మాత్రం, రాయాలనిపించినప్పుడల్లా మంచి వేళ కోసం పంచాంగం తిరగేస్తాను. అది దొరికేలోగా కోపం చల్లారిపోతుంది. రాహుకాలం చూసి మరీ రాజీనామా పడేసిన ఆనాటి ఆ పిల్ల ఎదురైతే నాకొక మొట్టికాయ వేస్తుంది.