పాట లేని పెళ్లి వీడియో

ఈ ఉదయం ఎడిటింగ్ గదిలో స్పీకర్ ఒకసారి గరగరలాడి ఆగిపోయింది. తెరమీద జువ్వలదిన్నె ఊరి పెళ్లికొడుకు పెదవులు కదుపుతున్నాడు, మాట మాత్రం లేదు. మెకానిక్‌కు ఫోన్ చేయబోయి మానుకున్నాను. చప్పుడు లేకుండా పెళ్లి చూడటమే నేను నేర్చుకున్న మొదటి పని. అది నేర్పింది మస్తాన్ అన్న. నెల్లూరులో ఆయన వీడియో షాపులో తొమ్మిదేళ్లు పనిచేశాను.

పొట్టి మనిషి. కోపం వస్తే అరవడు, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. రోజుకు నాలుగైదు సార్లు నా వల్ల ఆ కళ్లజోడు శుభ్రపడేది. "పాట పెట్టినాక ఏ పెళ్లైనా బాగానే ఉంటాదబ్బయ్యా. పాట తీసేసి చూడు, అప్పుడు తెలస్తాది," అనేవాడు. కొత్తగా చేరినవాళ్లకు కెమెరా ఇచ్చేముందు వారం రోజులు ఒకే సినిమా చూపించేవాడు. ఎక్కడిదో పాత మూకీ ప్రేమకథ. గొడుగులు బాగుచేసే కుర్రవాడు, వాన లేకపోయినా రోజూ గొడుగు విరగ్గొట్టుకుని వచ్చే టైపిస్టు పిల్ల. సీడీలో ఎవరో సంగీతం కలిపి ఉంటే, ఆయన దాన్ని కూడా తీసేసి పెట్టేవాడు.

మూడోరోజు అడిగాడు: "ఇద్దరిలో ఎవరు బాగా చేసినారు?"

"హీరోనే అన్నా. ఏం నవ్వించినాడు!"

కళ్లజోడు తీశాడు. "వాడు కెమెరాకు చేసినాడు. సినిమాను మోసింది ఆ పిల్ల. ఎవరు ఎటు చూస్తన్నారో చూడు."

చూశాను. అప్పట్లో అతను పెద్ద స్టారట. నవ్వితే మనవైపు, గొడుగు తెరిస్తే మనవైపు, చివరికి ఆమెకు ప్రేమ చెప్పేటప్పుడు కూడా గడ్డం మనవైపే. ఆమె పేరు అట్టమీద చిన్న అక్షరాల్లో ఉంది. సినిమా మొత్తం ఆమె అతన్ని తప్ప ఇంకెవర్నీ చూడదు. ఆమె అలా చూడబట్టే అతను ప్రేమించదగ్గవాడని మనం నమ్ముతాం. అర్థమైందని తలూపాను గానీ, నిజానికి అప్పటికి నాకేమీ అర్థం కాలేదు.

కొన్నాళ్లకు విడవలూరు అమ్మాయి సునీతతో నాకు సంబంధం కుదిరింది. నిశ్చితార్థాన్ని మా క్రైస్తవుల ఇళ్లలో ప్రధానం అంటారు. చర్చిలో జరిగిన ఆ ప్రధానాన్ని మస్తాన్ అన్నే తీశాడు. వారం తిరక్కముందే సునీత అన్నయ్య ఫోన్ చేశాడు. "ఏమనుకోబాకండి. అమ్మాయి వద్దంటా ఉంది. కారణం అడిగితే చెప్పడం లా."

మా అమ్మ ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. పనిచేసుకుంటున్నాను, చెడు అలవాట్లు లేవు, నాలో లోపమేంటని షాపులో గింజుకున్నాను. మస్తాన్ అన్న ఓదార్చలేదు. ప్రధానం వీడియో పెట్టి, సౌండ్ తీసేశాడు. "నమాజుకు పోయొస్తా. నువ్వు చూస్తా ఉండు," అని వెళ్లిపోయాడు.

చూశాను. వచ్చేటప్పుడు ఆమె నావైపు చూసింది, నేను కాలర్ సర్దుకుంటూ కెమెరాను చూస్తున్నాను. పక్కన కూర్చున్నాక మళ్లీ చూసింది, నేను లైటు కాస్త పక్కకు జరపమని వేలితో సైగ చేస్తున్నాను. ఉంగరం తొడిగేటప్పుడైతే ఆమె చెయ్యి నా చేతిలో ఉండగానే కనుబొమ్మలు ఎగరేసి, షాట్ వచ్చిందా అని అన్నను అడుగుతున్నాను. ఆమె నా చూపు ఎటు పోయిందో చూసి తల దించుకుంది. ఆ తర్వాత ఇక ఎత్తలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అన్న వచ్చి అడిగాడు. "ఏం చూసినావు?"

"హీరోని చూసినా అన్నా."

"అయితే నాకు చెప్పబాక. పోయి ఆ పిల్లకు చెప్పు."

మర్నాడే విడవలూరు బస్సెక్కాను. వాళ్ల వసారాలో నిలబడే చెప్పాను. "ఉంగరం తొడిగేటప్పుడు మీరు నన్ను చూసినారు. నేను కెమెరాను చూసినా. నాకది నిన్ననే తెలిసింది."

"నాకు అప్పుడే తెలిసింది," అంది సునీత. "ఇంక జీవితమంతా ఇట్నే పక్కకు చూస్తా ఉంటారేమోనని భయమేసింది." ఆ మాట అంటున్నంతసేపూ నేను ఆమె ముఖమే చూశాను. "కూర్చోండి," అని మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

మా పెళ్లి కూడా అన్నే తీశాడు. దానికి ఒక్క పాట కూడా పెట్టలేదు. మా బంధువులు ఇప్పటికీ మూగపెళ్లి అని ఎగతాళి చేస్తారు. నేను మాత్రం ఎవరి పెళ్లికైనా పాట పెట్టేముందు ఒకసారి మొత్తం చప్పుడు లేకుండా చూస్తాను.

అన్న పోయి మూడేళ్లయింది. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మనిషి కాబట్టి మా దగ్గర ఆయన ఫొటో ఒక్కటీ లేదు. మా పెళ్లి వీడియో మూడు గంటలుంటుంది. అందులో నేను ఒక్కసారి కూడా కెమెరావైపు చూడలేదు. అందుకే ఆ రోజు దాని వెనక ఆయన ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.