అవ్వ అన్యభాష అనుకున్న కార్టూన్ పాట

మా చిన్నప్పుడు... సాయంత్రం ఐదున్నర అయ్యిందంటే ఆళ్ళగడ్డ మొత్తం ఏమైపోయినా నాకు పట్టేది కాదు. టీవీలో జపాను వాళ్ళ బొమ్మల సీరియల్ వచ్చే వేళ అది. ఇంతింత కళ్ళు, గాలికి ఎగిరే నీలం రంగు జుట్టు... కథంతా ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు గానీ, మొదట్లో వచ్చే పాటను మాత్రం జపాను భాషలోనే ఉంచేశారు.

ఆ పాట కోసమే బడి నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఇంట్లో పరిచిన బేతంచెర్ల బండల మీద వెల్లకిలా పడుకుంటే వీపుకు చల్లగా... పియానో మెల్లగా మొదలయ్యేది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా ఆ నిమిషంన్నర సేపు నేను ఏడో తరగతి పిల్లను కాను... ఎక్కడో సముద్రం ఒడ్డున రైలు కోసం నిలబడిన మనిషిని. అప్పటికి నేను సముద్రం చూసిందే లేదు.

రోజుకొక లైను చొప్పున లెక్కల నోటు వెనకాల తెలుగులో రాసుకునేదాన్ని... నా చెవికి ఎట్లా వినబడితే అట్లా. ఒకచోట "సొరకాయ" అన్నట్టే ఉండేది. ఇంకోచోట "యాడికో... యాడికో" అని. అంత దూరం నుంచి వచ్చి ఆమె మా ఊరి మాటలోనే అడుగుతోందని ఎంత సంబరపడ్డానో.

మా అవ్వ... అంటే నాయన వాళ్ళమ్మ... ఆ వేళకు ఇంట్లో ఉండేది కాదు. పక్కింటి అరుగు మీద ముచ్చట్లు. అందుకే ఆ పాట ఆమె చెవిన ఎప్పుడూ పడలేదు.

ఒకరోజు సరిగ్గా టైముకు కరెంటు పోయింది. ఏడుపొక్కటే తక్కువ. ఏం చేస్తాను... బండల మీద పడుకుని, కళ్ళు మూసుకుని, మొదటి నుంచి చివరి దాకా నేనే పాడుకున్నాను. చేతులు కూడా పైకెత్తానేమో. కళ్ళు తెరిచేసరికి గడప దగ్గర అవ్వ, మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కళ్ళ నిండా నీళ్ళు.

"నా తల్లీ... నీకు అన్యభాషలు వచ్చినాయా" అంది.

మాది చర్చికి పోయే ఇల్లు. పరిశుద్ధాత్మ దిగితే మనిషి నోట తెలియని భాష పలుకుతుందని, అది అందరికీ దొరికే వరం కాదని అవ్వ నమ్మకం. ఏళ్ళ తరబడి ఉపవాసాలుండి అడిగినా ఆమెకు రాలేదు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నేను తేరుకునేలోపే అవ్వ వీధంతా చాటి వచ్చింది. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు నా తల మీద చెయ్యి పెట్టి మరీ పోయారు. ఇంట్లో పాల మీది మీగడంతా నా గిన్నెలోకే. అమ్మ ఒక్కతే నమ్మలేదు. "ఆ వరం ఐదున్నరకే ఎందుకొస్తాదో... నీ అంతట నువ్వే చెప్పల్ల అవ్వకు" అనేది అన్నం పెడుతూ. కక్కలేక మింగలేక తిరిగాను.

అంతలో అవ్వ కంట్లో పొర ముదిరిందని, నంద్యాలలో ఆపరేషన్ చేయించాలని అన్నారు. కన్ను కోస్తారంటే ఆమెకు చచ్చేంత భయం. "పాప రావల్ల. పాప ఆ బాసలో ప్రార్థన చేస్తేనే నేను లోపలికి పోయేది" అని పట్టుబట్టింది. బస్సులో దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. నాకేమో ఒకటే గుబులు... టీవీ పాటను ప్రార్థన అని పాడితే దేవుడికి కోపం వచ్చి అవ్వ కన్ను పోతే... నిజం చెప్తే ఆపరేషనే వద్దని వెనక్కి తిరిగితే...

ఆసుపత్రి వరండాలో నర్సు వచ్చి అవ్వ కంట్లో చుక్కలు వేసి పోయింది. అవ్వ నా వైపు తల వంచింది.

"ఇంక కానీ మే. పలుకు."

నేను ఏడ్చేశాను. "అది ప్రార్థన కాదవ్వా. టీవీలో బొమ్మల పాట. జపానోళ్ళది. నాకేం వరం రాలేదు."

అంత ఆశపడిన మనిషిని అన్నాళ్ళు మోసం చేశానని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ముందే చెప్పేకి ఏమొచ్చింది మే నీకు" అంది అవ్వ, కోపంగానే.

లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. లేచి రెండడుగులు వేసి ఆగింది.

"ఆ పాటలో ఏం చెప్తాండారో నీకు తెలుసునా?"

"తెలీదవ్వా."

"నాకూ తెలీదు. దేవునికైనా తెలిసుంటాది లే. పాడు."

పాడాను. ముక్కు చీదుకుంటూ, సొరకాయలూ యాడికోలూ అన్నీ కలిపి. అవ్వ "ఆమెన్" అని లోపలికి పోయింది.

కన్ను బాగయింది. ఆ తర్వాత ఐదున్నరకు అరుగు మానేసి నా పక్కన వచ్చి కూర్చునేది. కథ ఆమెకు అక్కర్లేదు... పాట అయిపోగానే "ఆమెన్" అని లేచి పోయేది.

ఇప్పుడు అవ్వ లేదు. పాటేమో ఫోన్‌లో వేలు తాకిస్తే చాలు, ఎప్పుడంటే అప్పుడు వస్తోంది... కరెంటుతో పని లేదు, ఐదున్నర దాకా ఆగే పనీ లేదు. మొన్న వెతికితే దొరికింది. కింద మాట మాటకూ అర్థం రాసిపెట్టారు. ఆ అక్షరాలు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాను.

మీకూ అట్లా అర్థం తెలియకుండానే నోటికొచ్చిన కార్టూన్ పాట ఉంటే, మీ చెవికి ఎట్లా వినబడిందో అట్లాగే, తప్పులతో సహా ఇక్కడ రాయండి... నా పాట ఏదో కనిపెట్టినవాళ్ళు మాత్రం దాని అర్థం నాకు చెప్పకండి. నాకది ఇంకా మా అవ్వ కోసం చేసిన ప్రార్థనే.